సదర్ బజారులో ఫోటో షూటింగ్: వెలుగూ ఒప్పందమూ

కాంతి అధ్యాయం మీరందరూ చదివే ఉంటారు. పరావర్తనం, పరిక్షేపణం, విలోమ వర్గ నియమం వంటివాటిని పరీక్ష కాగానే మనం మరచిపోతాం. కానీ రోజూ వాటిమీదే బతికేవాళ్ళున్నారు. ప్రకటనలకూ పత్రికలకూ మోడళ్ళ బొమ్మలు తీసే ఫ్రీలాన్స్ గ్లామర్ ఫోటోగ్రాఫర్ వారిలో ఒకరు. నెలజీతం ఉండదు. పిలిచిన చోటికి వెళ్ళి, అక్కడ దొరికిన వెలుగుతో పని ముగించుకు రావాలి.

గ్లామర్ అనే మాట పుట్టుక తమాషాగా ఉంటుంది. ఇంగ్లీషులో వ్యాకరణానికి వాడే గ్రామర్ అన్న మాటే స్కాట్లండులో పలుకు మారి, 'మంత్రం, కనికట్టు' అనే అర్థానికి వచ్చింది. ఆ కనికట్టుకూ వ్యాకరణం ఉంది. ఈ రోజు మన పాఠం అదే.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌ను తీసుకుందాం. 2003లో ఏర్పడిన ఆగ్నేయ మధ్య రైల్వేకు అది ప్రధాన కేంద్రం. రైల్వే కొలువులకు వెళ్ళి తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ ఊరి సదర్ బజారులో ఒక బట్టల దుకాణం వారు కోసా పట్టుచీరల ప్రకటన కోసం మన ఫోటోగ్రాఫర్‌ను పిలిచారనుకుందాం. మోడల్ రైల్వే కాలనీలో ఉండే తెలుగు అమ్మాయి, డిగ్రీ చదువుతోంది. నెల జూన్.

ఆయన మొదట చూసుకోవలసినది కెమెరాను కాదు, పటాన్ని. బిలాస్‌పూర్ సుమారు 22 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కర్కటరేఖకు కాస్త దిగువన ఉంది. అందువల్ల జూన్ మొదటి రోజుల్లో ఒకసారి, జూలై రెండో వారంలో మరోసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మన ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే 82.5 డిగ్రీల రేఖాంశం కూడా దగ్గరే కనుక, జూన్ మొదట్లో గడియారంలో పన్నెండు కొట్టేవేళకే ఎండ నిట్టనిలువుగా పడుతుంది. అప్పుడు కనుబొమల నీడ కళ్ళలో, ముక్కు నీడ పెదవి మీద పడతాయి. ఎంత చక్కని ముఖమైనా అలసిపోయినట్టు కనిపిస్తుంది. జూలైలో మబ్బు కమ్మితే ఆ చిక్కు ఉండదు. ఆకాశమంతా ఒకే పెద్ద దీపమై నీడల అంచులు మెత్తబడతాయి. జూన్‌లో మాత్రం పొద్దున తొమ్మిదిలోపే పని కానివ్వాలి.

ఆలస్యమైతే? సినిమా షూటింగుల్లో మీరు చూసే తెల్ల థర్మోకోల్ షీటు అందుకే. గరుకు తెల్లతలం మీద పడ్డ కాంతి అన్ని దిక్కులకూ చెదిరి, కింది నుంచి ముఖంలోని నీడల్ని నింపుతుంది. షీటును ముఖానికి ఎంత దగ్గరగా పట్టుకుంటే నింపు అంత ఎక్కువ. ఫ్లాష్ వాడితే విలోమ వర్గ నియమం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఫ్లాష్‌కు ఒక మీటరు దూరంలో ముఖం, నాలుగు మీటర్ల దూరంలో గోడ ఉంటే, గోడకు అందేది పదహారో వంతే. ఎండకు ఈ తేడా రాదు. పదిహేను కోట్ల కిలోమీటర్ల నుంచి వచ్చే వెలుగుకు మన నాలుగు మీటర్లు ఒక లెక్కా!

ఇక నగలూ చీరా. మెరుగుపెట్టిన బంగారం అద్దంలాంటిది, ఎదుట ఉన్నదాన్నే చూపిస్తుంది. ఎదుట నల్ల గొడుగు ఉంటే హారమూ నల్లబడుతుంది, తెల్ల గుడ్డ పట్టుకుంటే వెలుగుతుంది. చాంపా ప్రాంతపు కోసా పట్టుకు తేనెరంగు పుట్టుకతోనే ఉంటుంది. దాని మెరుపూ నేతా పక్కనుంచి వచ్చే వెలుగులోనే తేలతాయి. ఎదురుగా ఫ్లాష్ కొడితే అంత ఖరీదైన చీరా చదునుగా కనిపిస్తుంది. బజారు వీధుల్లో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేవి దుకాణాల ముందు కట్టిన నీలి, ఎర్ర పరదాలు. వాటిగుండా వచ్చిన వెలుగు ఒక చెంప మీద, ఆకాశపు వెలుగు రెండో చెంప మీద పడితే, కెమెరాలోని వైట్ బ్యాలెన్స్ ఒకదాన్నే సరిదిద్దగలదు. నాలుగడుగులు పక్కకు జరగడమే దానికి మందు.

ఇంతవరకూ భౌతికశాస్త్రం. వెలుగెంత బాగా కుదిరినా, మనుషులతో కుదుర్చుకోవలసినది వేరే ఉంది. హైదరాబాదు నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళ్ 1892లో స్త్రీలకోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. అక్కడ బొమ్మలు తీసింది కూడా స్త్రీయే. కెమెరా ముందు నిలబడేవారికి నిశ్చింత కావాలని ఆనాడే గుర్తించారన్నమాట. బజారులో ఆ నాలుగు గోడలు లేవు. చీర మార్చుకునే చోటు, వెంట తల్లో స్నేహితురాలో, గుమిగూడే జనాన్ని అదుపు చేసే ఒక మనిషి, ఇవన్నీ ముందుగా కుదర్చవలసింది ఫోటోగ్రాఫరే. ఇవి సౌకర్యాలు కావు, పనిలో భాగాలు.

మరి ఆ బొమ్మ ఎవరిది? తీసినవాడిదే అనుకుంటాం. 1957 నాటి మన కాపీరైట్ చట్టం అలా అనదు. డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఛాయాచిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించినవారే మొదటి హక్కుదారు. ఒక పూట కూలికి తీసిన బొమ్మను దుకాణం వారు పదేళ్ళు వాడుకున్నా అడగడానికి ఉండదు. దాన్ని తీసింది తానేనని చెప్పుకునే హక్కు మాత్రం ఫోటోగ్రాఫర్‌కు మిగులుతుంది. అందుకే ఎన్ని బొమ్మలు, ఎక్కడ, ఎంతకాలం వాడతారు, వానొచ్చి షూటింగు ఆగితే ఎంత ఇస్తారు అన్నవి ముందే కాగితం మీద పెట్టాలి. నోటిమాట చాలునన్న మొహమాటం కుర్ర ఫోటోగ్రాఫర్లను చాలామందిని ముంచుతుంది.

అమ్మాయితోనూ ఒక కాగితం ఉండాలి. ఆమె ఒప్పుకున్నది చీర ప్రకటనకు. అదే ముఖం రేపు సబ్బు మీదో పెళ్ళి సంబంధాల పోస్టరు మీదో కనిపిస్తే, ఆ ఒప్పుకోలు దానికి వర్తించదు. పద్ధెనిమిదేళ్ళు నిండనివారు చేసుకున్న ఒప్పందం చట్టం ముందు నిలవదు కనుక, చిన్నపిల్లలైతే తల్లిదండ్రులతో మాట్లాడాలి. ఆ సంతకమైనా, వాళ్ళు చదివే భాషలో ఉన్న కాగితం మీద తీసుకోవాలి. బిలాస్‌పూర్‌లో అది హిందీ కావచ్చు, ఆ అమ్మ తెలుగే చదవగలిగితే తెలుగు.

పదిన్నరకల్లా ఎండ ముదురుతుంది. సామాను సర్దేముందు మన ఫోటోగ్రాఫర్ కెమెరా తెర మీద బొమ్మలన్నీ ఆ అమ్మాయికి చూపించి, వద్దన్నవాటిని ఆమె ఎదుటే చెరిపేసి, ఆ తర్వాత మెమరీ కార్డును డబ్బాలో పెట్టుకుంటాడు.