ఛార్జింగ్ అడగని ఫోను



బస్తర్‌లో బడులకు వెళ్ళినప్పుడల్లా నా సంచీలో నల్లటి పాత డయల్ టెలిఫోను ఒకటి ఉంటుంది. శబరి ఒడ్డున కోంటా వైపు ఒక బడిలో దాన్ని బల్ల మీద పెట్టగానే ఆరో తరగతి పాప ఒకతె అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, దీనికి ఛార్జింగ్ ఎక్కడ పెడతారండీ?" అని అడిగింది. మిగతా పిల్లలు నవ్వారు. కానీ ఈనాటి మన పాఠం అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఈ ఫోనుకు ఛార్జింగ్ పెట్టే చోటే లేదు. మరి ఇది ఎలా మాట్లాడుతుంది?

ముందుగా మీకు ఒక సంఘటన గుర్తు చేస్తాను. 2007 మే నెలాఖరున నారాయణ్‌పూర్ ప్రాంతంలో మావోయిస్టులు హైటెన్షన్ విద్యుత్ టవర్లను పేల్చివేశారు. దాంతో బస్తర్ ప్రాంతం చాలా రోజులపాటు చీకట్లో మగ్గింది. ఇళ్ళలో దీపాలు, ఊళ్ళలో నీటి పంపులు, ఆసుపత్రులలో పరికరాలు, అన్నిటికీ ఇబ్బందే. అలాంటి రోజున చేతిలోని సెల్‌ఫోను సాయంత్రానికి నిద్రపోతుంది. తీగ ఫోను సంగతి వేరు. దానికి కావలసిన విద్యుత్తు మీ ఇంటి మీటరు నుంచి రాదు. మాట మోసే రెండు రాగి తీగల వెంటే ఎక్స్‌ఛేంజి నుంచి వస్తుంది.

ఎక్స్‌ఛేంజిలో 2 వోల్టుల సీసపు బ్యాటరీలు 24 వరుసగా కలిపి ఉంటాయి. మొత్తం 48 వోల్టులు. కరెంటు ఉన్నంతసేపు అవి ఛార్జి అవుతుంటాయి, పోతే తామే భారం మోస్తాయి. వాటికి తోడు డీజిల్ జనరేటరు ఉంటుంది. మీరు రిసీవరు ఎత్తగానే సర్క్యూట్ పూర్తయి, సాధారణంగా 20 నుంచి 40 మిల్లీ ఆంపియర్ల ప్రవాహం నడుస్తుంది. చిన్న టార్చి బల్బు తీసుకునే దానిలో ఇది పదో వంతో, అంతకు కాస్త ఎక్కువో. మాట మోయడానికి ఆ కొంచెం చాలు.

మాట విద్యుత్తుగా మారడం కూడా చూడండి. మీరు మాట్లాడే వైపు పలుచని రేకు, దాని వెనుక డబ్బీలో కార్బన్ రేణువులు ఉంటాయి. మీ గొంతుకు రేకు కంపిస్తుంది. రేణువులు నొక్కుకున్నప్పుడు నిరోధం తగ్గి ప్రవాహం పెరుగుతుంది, వదులైనప్పుడు ప్రవాహం తగ్గుతుంది. అవతలి ఫోనులో అదే ప్రవాహం అయస్కాంతం మీది తీగచుట్టలో పారి ఇనుప రేకును కదిలిస్తుంది. ఆ కదలికే మన చెవికి మాట. 1876లో గ్రాహంబెల్ పేటెంటు పొందిన తరువాత ఎన్నో మెరుగులు వచ్చినా ఈ మూలసూత్రం వందేళ్ళకు పైగా నిలిచింది.

నా చిన్నతనంలో మేము జగ్దల్‌పూర్‌లో ఉండేవాళ్ళం. సెలవులకు కొత్తవలస–కిరండూల్ రైలెక్కి విశాఖలో మామయ్యగారింటికి వెళ్ళేవాళ్ళం. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన మార్గమది. మామయ్యగారి హాల్లో, కుట్టుపని చేసిన గుడ్డ కింద ఫోను ఉండేది. డయల్‌కు చిన్న ఇత్తడి తాళం! బిల్లు భయం అలాంటిది. అయితే మా అన్నయ్య ఆ తాళాన్ని ముట్టకుండానే స్నేహితుడికి ఫోను చేసేవాడు. ఎలా చేసేవాడో చెప్పగలరా?

డయల్‌ను తిప్పి వదిలితే అది వెనక్కి వస్తూ సర్క్యూట్‌ను తెంపి కలుపుతుంది. 1కి ఒకసారి, 5కి ఐదుసార్లు, సున్నాకు పదిసార్లు, సెకనుకు సుమారు పది చొప్పున. రిసీవరు పెట్టే చోట ఉన్న మీట కూడా సర్క్యూట్‌ను తెంపేదే. అన్నయ్య ఆ మీటను లెక్కప్రకారం టకటకా తట్టేవాడు, అంకెకూ అంకెకూ మధ్య ఒక్క క్షణం ఆగేవాడు. డయల్ తిరిగిందో, వేలు తట్టిందో ఎక్స్‌ఛేంజికి తెలియదు కదా. దొరికిపోయిన రోజు మామయ్య కోప్పడలేదు. "ఎలా చేశావురా, నాకూ చూపించు," అన్నారు. నేను సైన్సు మాస్టారిని కావడానికి ఆ సాయంత్రం ఒక కారణం.

మరి ఈ పాత పరికరం ఈనాడు ఎందుకు పనికొస్తుంది? ఇక్కడ నేను నిజం దాచకూడదు. దేశంలో రాగి తీగల స్థానంలో ఆప్టికల్ ఫైబర్ వస్తోంది. ఫైబర్ వెలుగును మోస్తుంది గాని, ఫోనుకు కావలసిన విద్యుత్తును మోయదు. కాబట్టి ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో చిన్న పెట్టెకు కరెంటు ఉండాలి. కరెంటు పోతే ఆ పెట్టెతోపాటు ఫోనూ మూగబోతుంది. కార్డ్‌లెస్ ఫోనుకూ ఇదే చిక్కు, దాని పీఠం గోడ ప్లగ్గు మీదే బతుకుతుంది. ఇక ఎక్స్‌ఛేంజిలో డీజిల్ అయిపోతే రాగి తీగ కూడా చేయగలిగేది ఏమీ లేదు. పాత ఫోను బలం దాని వయసులో లేదు. విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తుందన్న ఒక్క ఏర్పాటులో ఉంది.

ఈ సూత్రాన్ని రైల్వేలు బాగా వాడుకున్నాయి. విద్యుదీకరించిన మార్గాల పక్కన దాదాపు కిలోమీటరుకొకటి చొప్పున అత్యవసర ఫోను సాకెట్లు పెట్టారు. అడవిలో బండి ఆగిపోతే గార్డు తన వెంట ఉన్న ఫోను తగిలించి కంట్రోలుతో మాట్లాడగలిగేవాడు.

బస్తర్ మరొక పాఠం కూడా నేర్పింది. ఇక్కడి గోండీ మన తెలుగుకు చుట్టం. రెండు, మూడు, నాలుగు అనే చోట వారు రండ్, మూండ్, నాలుంగ్ అంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాట్లాడేవారు దాదాపు 30 లక్షలు. అయినా వారి భాషలో పత్రికలు, వార్తలు బహు తక్కువ. 2010లో పాత్రికేయుడు శుభ్రాంశు చౌధురి మొదలుపెట్టిన 'సీజీనెట్ స్వర' అనే సేవలో ఎవరైనా ఒక నంబరుకు ఫోను చేసి, 1 నొక్కి తమ ఊరి సమస్యను సొంత భాషలో రికార్డు చేయవచ్చు, 2 నొక్కి ఇతరులు చెప్పింది వినవచ్చు. చదువు రావలసిన పని లేదు, తెర అక్కరలేదు. చేతిపంపు చెడిందనీ, కూలి డబ్బు రాలేదనీ ఎందరో చెప్పుకున్నారు. అయితే ఒక మాట. నా నల్ల ఫోనుతో అక్కడ 1 నొక్కడం కుదరదు. అది తెంపులు పంపుతుంది, అలాంటి యంత్రాలు బటన్ ఫోన్లు పంపే జంట స్వరాలను వింటాయి. పాతది అన్ని పనులకూ సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే.

ఇక మీరు చేయగలిగినవి చెబుతాను. మీ ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంటే అది రాగి తీగదా, ఫైబర్‌దా అడిగి తెలుసుకోండి. రాగి అయితే కార్డ్‌లెస్‌తోపాటు మామూలు తీగ ఫోను ఒకటి ఉంచండి. ఫైబర్ అయితే ఆ పెట్టెకు చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టించండి. 112, 108తోపాటు ఇంటివాళ్ళ నంబర్లు కాగితం మీద రాసి గోడకు అంటించండి. సెల్‌ఫోను ఆరిపోయిన రోజున మనలో ఎందరికి సొంతవాళ్ళ నంబరు నోటికి వస్తుంది?

కనెక్షన్ తీసేసినా పరికరాన్ని పారేయకండి. దగ్గరలోని బడికి ఇవ్వండి. రెండు పాత డయల్ ఫోన్లను, ఒక 9 వోల్టుల బ్యాటరీని ఒకే వలయంగా కలిపితే గది నుంచి గదికి మాట్లాడుకోవచ్చు. గంట మాత్రం మోగదు, ఎందుకంటే దానికి సుమారు 75 వోల్టుల ఏకాంతర విద్యుత్తు కావాలి. అందుకే లైనుకు కలిపి ఉన్న ఫోనును ఎన్నడూ విప్పకండి, గంట మోగే క్షణంలో షాకు కొడుతుంది. ఇంటి కరెంటుకు దీన్ని అసలు కలపకండి.

కోంటా బడిలో మేము అదే చేశాం. ఒక ఫోను తరగతిలో, ఇంకొకటి వరండా చివర పెట్టాం. ప్రశ్న అడిగిన పాపే మొదట రిసీవరు ఎత్తింది. అవతల ఆమె స్నేహితురాలు "వినబడుతోందా?" అంది. పాప బదులు చెప్పడం మరిచి బ్యాటరీ వైపు చూసింది. "సార్, ఇంత చిన్నదేనా మోస్తోంది!" అంది.