పిల్లల రాక - ఊరి పద్దు
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పద్దులు వ్రాసి జీవించువాడను. గురుముఖమున చదివినవాడను కాను. భారతమైనను, ఆముక్తమాల్యదయైనను ఈ బీరువాలలోనివే తీసి, నిఘంటువు ప్రక్కనుంచుకొని, కూడబలుకుకొని చదివితిని. కావున నా ప్రసంగమున పాండిత్యముకంటె పద్దులే యెక్కువగా నుండును. మన్నింపుడు.

సంక్రాంతి వచ్చుచున్నదనగా మన వీథులు నిండును. అమెరికానుండి, గల్ఫు దేశములనుండి, ఆస్ట్రేలియానుండి బిడ్డలు వత్తురు. ఏడాది పొడుగున తాళము వ్రేలాడిన యిండ్లలో దీపములు వెలుగును. వారి రాకయే మనకు పండుగ. ఇందు సందేహము లేదు. కాని వారు వెడలిన మరునాడు చెరువుగట్టు చూచితిరా? నీళ్ల సీసాలు, కాగితపు గ్లాసులు, "సుస్వాగతము" అని పెద్ద అక్షరములు గల ఫ్లెక్సీ ముక్కలు! గేదెలు వానిని నమలుచుండును.

తప్పు పిల్లలదని కొందఱందురు. నేనట్లనను. వారు కాపురముండు పట్టణములలో చెత్తను వేరు వేరు తొట్లలో వేయుట పలువురకు అలవాటే. ఇక్కడ ఆ తొట్టి యేది? పైగా ఆ సీసాలు కొనితెచ్చినది వారు కారు, మనము. బిడ్డ వచ్చుచున్నాడనగానే రాగిచెంబు అటకయెక్కును, సీసాల పెట్టె వసారాలోనికి వచ్చును. మన వస్తువులను చూచి మనమే సిగ్గుపడుచున్నాము.

అరణ్యపర్వమున ఒక చిన్న కథ కలదు. పాండవులు ద్వైతవనమున వేటాడి జీవించుచుండగా, చావగా మిగిలిన మృగములు ధర్మరాజు కలలో కనిపించి, మా జాతి బీజమాత్రముగా మిగిలినది, తాము వేఱొక చోటికి దయచేయుడని వేడుకొన్నవి. తెల్లవారగానే ధర్మరాజు తమ్ములతో చెప్పి కామ్యకవనమునకు కదలెను. రాజు గదా, నా కడ్డేమని యనలేదు. మన చెరువు ఎవరి కలలోనికిని రాదు. వచ్చి చెప్పినను వినువారున్నారో లేదో!

నీటి విషయము కొంచెము విప్పి చెప్పవలెను. దూరదేశమున పెరిగిన పసివాండ్ర కడుపులు మన నీటికి తాళవన్న భయము నిజమైనదే. దానిని పరిహసింపరాదు. అయితే నీరు తెర్లి, ఒక నిమిషముపాటు బాగుగా మరగినచో రోగక్రిములు చచ్చును. చల్లార్చి కూజాలో పోసినచో చాలును. ఫ్లోరైడు గల ఊళ్లలో మాత్రము కాచుటవలన ఆ దోషము పోదు; అచ్చట శుద్ధి చేసిన నీరే త్రాగవలెను. దానికైనను పెద్ద టిన్ను తెచ్చి బిందెలో పోసికొనవచ్చును గాని, గుక్కెడు నీటికొక సీసా యేల?

విందుల మాట. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలమున వరుగులు, వడియములు. వేసవిలో చెఱకురసము, ఎడనీళ్లు, నీరుచల్ల. చలికాలమున ముక్కునంటు ఆవపచ్చళ్లు వడ్డించును. ఏ కాలమున ఏది తగునో అదియే విందు. మనమో, పుష్యమాసమున పెరటి చిక్కుడు పందిరి విరగకాయుచుండగా, పట్టణమునుండి పొట్లములు దింపుచున్నాము. అడ్డాకు విస్తరి మన్యపు స్త్రీలకు కూడు పెట్టును. తినివేసిన పిదప పెంటలో కలసి ఎరువగును. ప్లాస్టికు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మన దేశమున 2022 జూలై 1 నుండి నిషిద్ధములు. కాగితపు గ్లాసు మంచిదనుకొందురేమో, దాని లోపల తఱచుగా ప్లాస్టికు పొరయే యుండును. పాతవన్నియు మంచివని నా వాదము కాదు. భోగిమంటలో టైర్లు వేయుచున్నవారు ఊరివారే గాని అమెరికావారు కారు!

ఇక పెద్ద పద్దు. హైదరాబాదునుండి న్యూయార్కు ఇంచుమించు 13,000 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు ఒక్క మనిషి పేర సుమారు రెండు టన్నుల బొగ్గుపులుసు వాయువు ఆకాశమున చేరును. మన దేశమున సగటు మనిషి పేర ఏడాదికి పడు లెక్కయు దాదాపు అంతే. ఇది విని తల్లులు నామీద కోపింతురని యెఱుగుదును. రావలదని నేను చెప్పుట లేదు. ఏటేట వచ్చి పది దినములు పరుగులిడుటకంటె, రెండేండ్లకొకసారి వచ్చి నెలదినము లుండినచో ప్రయాణపు పద్దు సగమగును. అమ్మకు దక్కు దినములు ఇరువదికి మాఱు ముప్పది యగును. సెలవు దొరకదన్న చిక్కు కలదు. అయినను కంప్యూటరు ముందేసికొని ఊరినుండియే పని చేయనిచ్చు కచ్చేరీలు కొన్ని యున్నవి, అడిగి చూడవలెను. తల్లియో తండ్రియో మంచము పట్టిన కబురు వచ్చినపుడు మాత్రము ఏ లెక్కయు చూడరాదు. తిరుగు ప్రయాణమున ఆవకాయ ప్లాస్టికు సంచిలో కట్టుటకును నా అభ్యంతరము లేదు. విమానమున జాడీ పగిలినచో ఆ గొడవ యెవరు పడుదురు?

సిద్ధిపేట ప్రాంతపు పల్లెలలో స్టీలు బ్యాంకులని పెట్టి, విందులకు పళ్లెములు, గ్లాసులు ఇచ్చి పుచ్చుకొనుచున్నారు. ఇన్నేండ్లు పుస్తకములు ఎరువిచ్చి తిరిగి తెచ్చుకొన్న మనకు ఆ పని క్రొత్తది కాదు. రెండువందల పళ్లెములు, అన్ని గ్లాసులు, నాలుగు గంగాళములు చాలును. పరదేశపు బిడ్డలు ఈ మారు గ్రంథాలయమునకు ఏమి కానుక తేవలెనని అడిగినచో ఇదియే చెప్పుడు. రిజిస్టరు నేను గీసి యుంచితిని; తోమి తేని పళ్లెమునకు రెండు రూపాయల జరిమానా అని మొదటి పుటలోనే వ్రాసితిని.

సెలవు.