వానాకాలంలో లాసిక్ చేయించుకోవచ్చా? వెదర్ యాప్‌ని అడగకండి

వైజాగ్ నుంచి, కాకినాడ నుంచి ఒకటే మెసేజ్‌లు: "అన్నా, యాప్‌లో తేమ 85 శాతం చూపిస్తోంది, లాసిక్ వాయిదా వేసుకోనా?" రీల్స్‌లో ఒకాయనైతే చలికాలంలోనే చేయించుకోవాలని తీర్పే ఇచ్చేశాడు. లాసిక్ అంటే ఏంటో మీకు తెలుసు కాబట్టి అది వదిలేద్దాం. లెక్కలోకొచ్చేది ఊళ్లో తేమ కాదండీ, ఆపరేషన్ థియేటర్‌లో తేమ.

లాసిక్‌లో వాడే ఎక్సైమర్ లేజర్ అంటే 193 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ కాంతి. ఒక్కో పల్స్‌కి కార్నియాలో దాదాపు పావు మైక్రాన్ లేచిపోతుంది. ఒక్క డయాప్టర్ (మైనస్ 1) పవర్ పోవాలంటే, 6 మిల్లీమీటర్ల వెడల్పున సుమారు 12 మైక్రాన్లు తీయాలి. ఫ్లాప్, అంటే కార్నియా పైపొర, ఎత్తగానే లోపలి పొరకి గాలి తగులుతుంది. గది మరీ పొడిగా ఉంటే ఆ పొర ఆరిపోయి, అదే పల్స్‌కి ఎక్కువ పోతుంది. మైనస్ పోయి కాస్త ప్లస్ రావచ్చు. గదిలో తేమ ఎక్కువైతే తక్కువ పోతుంది, పవర్ కొంచెం మిగిలిపోతుంది.

అసలు తిరకాసు ఇక్కడుంది. చాలా మెషిన్లని ముందు ప్లాస్టిక్ ముక్క మీద కాల్చి టెస్ట్ చేస్తారు. ప్లాస్టిక్ ఆరదు కదా! గది పొడిబారినా టెస్ట్ పాసే. అందుకే మంచి సర్జన్లు తమ పాత పేషెంట్ల ఫలితాలు చూసుకుని లెక్క సర్దుకుంటారు. దాన్ని నోమోగ్రామ్ అంటారు. ఆ లెక్క నిలవాలంటే గది రోజూ ఒకేలా ఉండాలి. ఒకరోజు ఏసీ మొరాయిస్తే కుదరదు.

నాకు తేమ కొలిచే హైగ్రోమీటర్ల పిచ్చి ఉందిలెండి. లెన్సులకి ఫంగస్ పడుతుందన్న భయంతో నా కెమెరా బీరువాలో ఒకటి పెట్టుకున్నా. 2013లో వచ్చిన గెలాక్సీ ఎస్4లో తేమ కొలిచే సెన్సర్ ఉండేది. ఇప్పుడు లక్ష రూపాయల ఫోన్లో కూడా అది కనపడదు, కెమెరాలు మాత్రం పెంచుతూనే ఉన్నారు! అందుకే మీ యాప్ చూపించేది ఊరి వాతావరణం అండీ, మీ గదిది కూడా కాదు. మళ్లీ చెప్తున్నా, చూడాల్సింది థియేటర్‌లో తేమ.

ఇంకోటి. ఆ రోజు సెంటు, డియోడరెంట్, ఆఫ్టర్‌షేవ్ ఏవీ వద్దు. వాటి ఆవిరి లేజర్ దారిలోకొస్తే కాంతిని కొంత పీల్చేస్తుంది. పేషెంటే కాదు, పక్కన తోడొచ్చే బావగారు కూడా కొట్టుకోకూడదు.

స్మైల్ అనే ఇంకో రకం లేజర్ ఆపరేషన్ చేయించుకునేవాళ్లకి ఈ బెంగ బాగా తక్కువ. అందులో ఫ్లాప్ ఎత్తరు, లేజర్ పని కార్నియా లోపలే జరుగుతుంది.

ఆపరేషన్ అయ్యాక ఇంట్లో ఏసీ గాలి, ఫ్యాన్ గాలి నేరుగా కళ్ల మీదికి రానివ్వకండి. కళ్లు పొడిబారడం అప్పుడు మామూలే. డాక్టర్ రాసిన చుక్కలు మానకండి.

డబ్బు కట్టేముందు ఒక్క మాట అడగండి: "థియేటర్‌లో టెంపరేచర్, హ్యుమిడిటీ రోజూ రాస్తారా? ఇవాళ్టి రీడింగ్ ఎంత?" రాసే చోట రిజిస్టర్ తీసి చూపించడానికి నిమిషం పట్టదు. చూపించకుండా నవ్వి ఊరుకుంటే, ఇంకో ఆసుపత్రి చూసుకోండి.