జాబితాలో లేని పేరు



డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పేశారు గనుక నేను ఆటల గురించి రెండు ముక్కలు మనవి చేస్తాను. ఒక జట్టు ఆటగాణ్ణి మరో జట్టు ఎలా పట్టుకుపోతుందన్నది విషయం.

మన చెడుగుడే నేటి ప్రొ కబడ్డీ. 2014లో లీగు మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్ సొంత ఆటలు విశాఖలో ఆడారు. రాహుల్ చౌదరి కూతకెళ్తే మన పిల్లలు ఊగిపోయేవారు. ఆ వేలంలో ఒక వెసులుబాటుంది. ఎవరెంత పాడినా, పాత జట్టు అంతే ఇస్తానని ఆటగాణ్ణి ఉంచుకోవచ్చు. 2018లో రాహుల్‌ను అలాగే 1 కోటి 29 లక్షలకు నిలుపుకున్నారు. మరుసటేడు 94 లక్షలకే తమిళ్ తలైవాస్ పట్టుకుపోయారు.

కెనడా, అమెరికాల ఐస్ హాకీలో పూర్వం వేలం లేని పద్ధతొకటి ఉండేది. ఆరే జట్లు. ఏడాదికోసారి ప్రతి జట్టూ తాను వదలని ఆటగాళ్ల జాబితా ఇవ్వాలి. అందులో పేరు లేనివాణ్ణి మరో జట్టు నిర్ణీత ధర కట్టి తీసుకోవచ్చు. బలహీన జట్లకు ఊతమని చెప్పేవారు. ఆటగాణ్ణి అడిగే పనే లేదు.

1964లో డెట్రాయిట్ వారు కుర్ర గోల్ కీపరు రోజర్ క్రోజియర్‌ను చూసుకుని, 34 ఏళ్ల టెర్రీ సాచక్ పేరు జాబితాలో రాయలేదు. తీసుకున్నదెవరు? ఆ ఏడే కప్పు గెలిచిన టొరంటో! బలహీన జట్టట! 1967లో 37 ఏళ్ల సాచక్, 42 ఏళ్ల జానీ బవర్ వంతులవారీగా గోలు కాసి టొరంటోకు స్టాన్లీ కప్పు తెచ్చారు. చప్పట్లు కొట్టవలసింది మన వయసువాళ్లమే.

నాకు సాచక్ మీద అభిమానం ఊరికే కలగలేదు. 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు మా ఆఫీసులోనూ జాబితాలు కట్టారు. ఆప్షను అడిగారు, శ్రీకాకుళం అని రాశాను. విజయనగరం వేశారు. కారణమడిగితే పరిపాలనా సౌలభ్యమన్నారు. ఇంట్లో మంచం పట్టిన నాన్నగారు. నాలుగేళ్లు తెల్లవారుజామున ఆమదాలవలసలో పాసింజరెక్కాను. మమ్మల్ని కనీసం కాగితం మీదైనా అడిగారు. సాచక్‌ను అదీ అడగలేదు.

కప్పు తెచ్చిన కొద్ది వారాలకే, కొత్తగా పుట్టిన లాస్ ఏంజెలెస్ జట్టు ఆయన్ను మళ్లీ పట్టుకుపోయింది. ఆ 1967లోనే ఆ ఆటగాళ్లు సంఘం పెట్టుకున్నారు.