నంబరు ఎవరిది?

పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ నా అభినందనలు.

ఉద్యోగ జీవితమంతా టెలిఫోన్ల మధ్యే గడిపినవాణ్ణి. అందుకని నాకు తెలిసిన సంగతే చెబుతాను. మీ అందరి జేబుల్లో ఉన్న ఈ సెల్‌ఫోన్ ఎలా పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకుందాం.

పీపీ నంబరంటే ఏమిటో మీ అమ్మానాన్నల్ని అడగండి. ఇంట్లో ఫోన్ లేనివాళ్లు శుభలేఖల మీద, ఉద్యోగాల దరఖాస్తుల మీద పక్కింటి నంబరో, కిరాణా కొట్టు నంబరో వేసి, పక్కన పీపీ అని రాసేవాళ్లు. ఫోన్ మోగితే ఆ ఇంటి పిల్లాడు పరుగెత్తుకొచ్చి పిలిచేవాడు. మనం చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లేదాకా అవతలివాళ్లకు మీటరు తిరుగుతూనే ఉండేది. సొంత ఫోన్ ఉన్నవాళ్ల నంబరైనా ఇంటిదే, ఆఫీసుదే. మనిషి అక్కడ ఉంటే దొరికినట్టు, లేకపోతే లేదు. ప్రపంచమంతా దాదాపు వందేళ్లపాటు ఇలాగే నడిచింది. నంబరు చోటుకు కాదు, మనిషికి ఉండాలని పట్టుబట్టినవాళ్ల గురించే ఇవాళ నేను చెప్పేది.

1946 జూన్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో కార్లలో ఫోన్లు వచ్చాయి. ఆ సామాను బరువు 36 కిలోల దాకా ఉండేది. ఆపరేటర్‌ను పిలిచి నంబరు చెప్పి కలపమనాలి. ఊరంతటికీ ఉన్నవి కొద్దిపాటి రేడియో ఛానళ్లు. అవి నిండితే, ఎవరో ఒకరు మాట్లాడటం ఆపేదాకా మిగతావాళ్లు కాచుకు కూర్చోవాల్సిందే.

ఈ చిక్కుకు విరుగుడు ఆ మరుసటి ఏడాదే కాగితం మీదికి వచ్చింది. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్ అనే టెలిఫోన్ పరిశోధన సంస్థలో ఇంజినీరు డగ్లస్ రింగ్ ఒక నోట్ రాశారు. ఆయన సహోద్యోగి రే యంగ్ ఆలోచన కూడా అందులో ఉంది. ఊరి మొత్తానికి ఒక పెద్ద ట్రాన్స్‌మిటర్ పెట్టకుండా, తేనెపట్టు గదుల్లా ఊరిని ఆరు పలకల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకు ఒక్కో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టడం. ఆ ముక్కకే సెల్ అని పేరు. శక్తి తక్కువ కాబట్టి ఈ ముక్కలో వాడిన ఫ్రీక్వెన్సీనే, కొంత ఎడం ఇచ్చి, ఇంకో ముక్కలో మళ్లీ వాడుకోవచ్చు. చేతిలో ఉన్న కాసిని ఛానళ్లతోనే ఎంతోమందికి సరిపెట్టవచ్చు. నా మటుకు నాకు, టెలిఫోన్ చరిత్రలో ఇంతకన్నా అందమైన ఊహ కనపడదు.

పరికరాలను చిన్నవి చేసే ట్రాన్సిస్టర్ కూడా అదే సంస్థలో, అదే నెలలో పుట్టింది. అయినా సెల్ పద్ధతి దశాబ్దాల పాటు కాగితం దాటలేదు. ఎందుకంటే ఫ్రీక్వెన్సీలు ప్రభుత్వం చేతిలో ఉన్నాయి, అడిగినా ఇవ్వలేదు. పైగా మాట్లాడుతున్న మనిషి ఒక ముక్క దాటి మరో ముక్కలోకి వెళ్తుంటే, మాట తెగకుండా కాల్‌ను అటు మార్చాలి. అంత వేగంగా లెక్కచూసే యంత్రాలు అప్పటికి లేవు. 1969లో న్యూయార్క్, వాషింగ్టన్ మధ్య నడిచే మెట్రోలైనర్ రైల్లో పెట్టిన ఫోన్లతో ఈ పద్ధతి మొదటిసారి ఆచరణలోకి వచ్చింది. దారిని తొమ్మిది భాగాలు చేసి, ఆరు ఛానళ్లనే మళ్లీ మళ్లీ వాడారు. ఆ తర్వాత బెల్ ల్యాబ్స్‌లోనే రిచర్డ్ ఫ్రెంకియెల్, జోయెల్ ఎంగెల్ వంటివాళ్లు పూర్తిస్థాయి వ్యవస్థకు నమూనా గీశారు. 1972లో అక్కడే పనిచేసే ఏమోస్ జోయెల్‌కు కాల్‌ను మార్చే పద్ధతి మీద పేటెంట్ వచ్చింది.

ఇంత చేసినా, బెల్ సంస్థవాళ్ల కన్ను కారు మీదే ఉంది. పోలీసులకు రేడియోలు తయారుచేసే మోటరోలా కంపెనీలో ఇంజినీరు మార్టిన్ కూపర్ దీనికి ఒప్పుకోలేదు. తీగ వదిలించుకుని మళ్లీ కారుకు కట్టుబడటం ఎందుకన్నది ఆయన వాదన. ఫ్రీక్వెన్సీలన్నీ బెల్ చేతికే పోతాయన్న భయం కూడా మోటరోలాకు ఉంది. చేసి చూపిస్తే తప్ప ప్రభుత్వం నమ్మదు. 1972 చివర్లో మొదలుపెట్టి నెలల వ్యవధిలో చేత్తో పట్టుకునే ఫోన్‌కు ఒక నమూనా తయారుచేశారు. దాని రూపం రూడీ క్రోలప్ బృందానిది. ఈనాటి చిప్పుల్లాంటివి లేవు. వందలకొద్దీ విడిభాగాలను ఒక పెట్టెలో ఇమిడ్చి చేత్తో అతకాలి. అంతా కలిపి కిలోకు పైగా తూగింది. పది గంటలు ఛార్జింగ్ పెడితే దాదాపు అరగంట మాత్రమే మాట్లాడగలిగే బ్యాటరీ.

1973 ఏప్రిల్ 3న న్యూయార్క్‌లో సిక్స్త్ అవెన్యూ మీద నిలబడి కూపర్ ఆ నమూనాతో ఫోన్ చేశారు. పోటీ శిబిరంలోని జోయెల్ ఎంగెల్‌కే చేశానని ఆయన చెప్పారు. ఎంగెల్‌కు మాత్రం ఆ కాల్ గుర్తులేదట. ఎవరు గెలిచారన్న ప్రశ్న నాకు పట్టదు. ఎంగెల్ బృందం గీసిన వ్యవస్థ లేకపోతే కూపర్ చేతిలోది ఒక వాకీటాకీ. కూపర్ పట్టుదల లేకపోతే ఆ వ్యవస్థ కార్లున్నవాళ్లకే పరిమితమయ్యేది. ఆ అక్టోబరులో మోటరోలా వేసిన పేటెంట్ దరఖాస్తులో కూపర్‌తో కలిపి ఎనిమిది పేర్లున్నాయి. పత్రికల్లో మాత్రం ఒక్క పేరే వస్తుంది. మిగతా ఏడు పేర్లనూ మీరైనా చదవండి.

చూపించినంత మాత్రాన బజారుకు రాలేదు. 1979లో టోక్యోలో, 1981లో ఉత్తర ఐరోపా దేశాల్లో సెల్ నెట్‌వర్కులు మొదలయ్యాయి. అమెరికాలో 1983 అక్టోబరులో షికాగోలో మొదలైంది. మోటరోలా అమ్మకానికి తెచ్చిన చేతి ఫోన్ డైనాటాక్ ధర 3,995 డాలర్లు. మన దేశంలో 1995 జులై 31న కోల్‌కతా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు ఢిల్లీలోని అప్పటి కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో తొలి సెల్ కాల్ మాట్లాడారు. వచ్చిన కాల్‌కు కూడా డబ్బు కట్టాల్సిన రోజులవి. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాకే ఆటో డ్రైవరుకూ, కూలిపనికి వెళ్లే మనిషికీ సొంత నంబరు పెట్టుకునే ధైర్యం వచ్చింది. నంబరు మనిషికే ఉండాలని కూపర్ అడిగింది మన దగ్గర నిజంగా నెరవేరింది అప్పుడే అని నేననుకుంటాను.

ఇంకా నెరవేరనివాళ్లూ ఉన్నారు. మన ఏజెన్సీ ప్రాంతాల్లో సిగ్నల్ కోసం కొండెక్కాల్సిన ఊళ్లున్నాయి. సెల్ పద్ధతి జనం కిక్కిరిసిన నగరాల కోసం పుట్టింది. పాతిక గడపల ఊరికి టవర్ వెయ్యాలంటే కరెంటు, ఎక్స్ఛేంజీతో కలిపే లింకు, రిపేరుకు వెళ్లే దారి మూడూ కావాలి. ఖర్చు రాదని కంపెనీలు వెనకాడతాయి. అక్కడ ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకూ, సివిల్ చదివినవాళ్లకూ, కంప్యూటర్లు చదివినవాళ్లకూ చేతినిండా పని ఉంది. మీలో ఎవరైనా దానికి పూనుకుంటే నాకు కబురు చెయ్యండి. నా దగ్గరున్న పుస్తకాలు, నోట్సు అన్నీ ఇస్తాను, ఓపికున్నంతకాలం మీతోపాటు ఆ కొండలకూ వస్తాను.