మన మాట మనమే లెక్కపెడదాం

(యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంగ్లీషు గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు మమ్మల్ని అడిగారు. ఇంగ్లీషు ఎలా నేర్చుకోవాలో చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. అందుకని మేము వేరే సంగతి ఎత్తుకుంటాం. ఒక భాషలో ఏది తప్పు, ఏది యాస, ఏది మార్పు అన్నది ఎలా తేలుస్తారు? ఆ తేల్చేచోట మనం ఉన్నామా, లేమా?

ఇది మనకెందుకు అంటారేమో. మనలో చాలామంది ఇంటిలో ఇంగ్లీషు చదివిన మొదటి తరం. ఇంటర్వ్యూలో జవాబు తెలిసి కూడా నోరు పెగలదు. తెలుగులోనూ అదే అవస్థ. పట్నంలో "ఆయ్" అన్నామా, పక్కవాడు సినిమాలో హాస్యపాత్రను చూసినట్టు నవ్వుతాడు. ఎరుకల ఇళ్లలో కుర్రు మాట్లాడేవాళ్లు బస్సెక్కగానే గొంతు తగ్గిస్తారు. మూడు భాషలు వచ్చినవాడు మూడింటిలోనూ సిగ్గుపడుతున్నాడు. ఈ సిగ్గుకు ఆధారం ఉందా అని చూడాలంటే ఒక పద్ధతి ఉంది. జనం నిజంగా వాడిన మాటలను పోగుచేసి లెక్కపెట్టడం. అలా పోగుచేసిన మాటల గాదెనే కార్పస్ అంటారు.

అమెరికాలో బ్రౌన్ విశ్వవిద్యాలయం వారు 1961లో అచ్చయిన రచనల నుంచి 500 ముక్కలు తీసుకున్నారు. ఒక్కొక్కటి సుమారు 2,000 మాటలు, మొత్తం పది లక్షలు. అదే ఏడాది బ్రిటన్ రచనలతో అదే కొలతకు మరో గాదె కట్టారు. మన దేశంలో కొల్హాపూర్‌లోని శివాజీ విశ్వవిద్యాలయంలో ఎస్.వి. శాస్త్రి గారి ఆధ్వర్యంలో 1978 నాటి భారతీయ ఇంగ్లీషు రచనలతో ఇంకొకటి తయారైంది. కొలత ఒకటే కనుక ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడొచ్చు.

తర్వాత జర్మనీలోని ఫ్రైబుర్గ్ వారు 1991 నాటి బ్రిటన్ రచనలతో అదే పని మళ్లీ చేశారు. ముప్పై ఏళ్లలో ఏం మారిందో బయటపడింది. "షల్" వాడకం నలభై శాతానికి పైగా పడిపోయింది. "మస్ట్" సుమారు 29 శాతం తగ్గింది. "ఐ" పక్కన "షల్" రాయకపోతే మనకు బడిలో మార్కు పోయేది. ఆ మాటను పుట్టింటివాళ్లే తగ్గించుకుంటున్నారు. ఇంగ్లీషు రాతిమీద చెక్కిన శాసనం కాదు, గోదావరిలా పాయలు మార్చుకుంటూ పోయేదే.

ఇక మన దేశపు ఇంగ్లీషు. సిడ్నీ గ్రీన్‌బామ్ అనే పండితుడు తలపెట్టిన అంతర్జాతీయ ఇంగ్లీషు కార్పస్‌లో ఒక్కో దేశానికి 500 ముక్కలు. అందులో 300 మాటల రికార్డులు, 200 రాతలు. భారతదేశం వాటా కూడా అందులో ఉంది. దాన్ని పరిశీలించినవాళ్లు "ఓన్లీ" గురించి చాలా రాశారు. "ఐ లివ్ హియర్ ఓన్లీ" అంటాం మనం. దీని వెనక "ఇక్కడే ఉంటాను"లోని ఏకారం ఉంది. హిందీవాళ్లకు "హీ" ఉంది కనుక వాళ్లూ అలాగే అంటారు. అంటే ఇది ఎవరో ఒకరి నోరు జారడం కాదు. దేశమంతా ఒక పద్ధతిలో వాడుతున్న వాడుక.

మరో సంగతి. "ఐ యామ్ నోయింగ్" అనడం భారతీయుల గుర్తు అని వెక్కిరిస్తారు. లెక్కలు తీస్తే అది అనుకున్నంత విరివిగా లేదు. కనబడినా మాటల్లోనే ఎక్కువ, రాతలో తక్కువ. "డూ ద నీడ్‌ఫుల్" మన గుమాస్తాలు పుట్టించింది కాదు. ఒకప్పుడు బ్రిటన్ వాళ్లే రాసుకునేవారు. అక్కడ పాతబడింది, ఇక్కడ నిలిచింది. అన్నట్టు, ఇంగ్లీషులోని "బాండికూట్" మన పందికొక్కే. మన వరిచేలు తవ్వే జంతువు పేరు వాళ్ల నిఘంటువుకెక్కింది. మాటలు ఇటు రావడమే కాదు, అటూ పోయాయి.

అయితే ఒక జాగ్రత్త. ఏం మాట్లాడినా ఒప్పే అని మేము చెప్పడం లేదు. పరీక్షలో, ఉద్యోగ దరఖాస్తులో అడిగే ఇంగ్లీషు వేరు, అది నేర్చుకోవాల్సిందే. స్నేహితులతో మాట్లాడేది వేరు. ఏది ఎక్కడ నడుస్తుందో తెలిసినవాడికి భయం పోతుంది. కార్పస్ నేర్పేది ఆ తేడానే.

ఇప్పుడు అసలు విషయం. ఆ అంతర్జాతీయ కార్పస్‌లో ఎవరి మాటలు తీసుకోవాలో ఒక నియమం ఉంది. పద్దెనిమిదేళ్లు నిండాలి, కనీసం ఉన్నత పాఠశాల దాకా ఇంగ్లీషు మీడియంలో చదివి ఉండాలి. వాళ్ల పోలిక కోసం అది అవసరమే కావచ్చు. కానీ ఆశ్రమ పాఠశాలలో తెలుగు మీడియం చదివిన మన అక్క, గల్ఫ్‌లో ఇళ్లలో పనిచేస్తూ చెవితోనే ఇంగ్లీషు పట్టుకున్న మన పిన్ని ఆ గాదెలో లేరు. లెక్కలో లేనివాడి మాట తప్పుగానే మిగిలిపోతుంది.

లెక్కలో ఉన్నచోట ఎలా ఉన్నామన్నది ఇంకో ప్రశ్న. తెల్లదొరల కాలపు నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ చేరి ఎరుకలవారి మెడకు చుట్టుకుంది. 1952లో రద్దయ్యేదాకా పుట్టుకే నేరంగా రాసిన ఇంగ్లీషు అది. కార్పస్‌లో ఒక మాట పక్కన తరచూ ఏ మాటలు వస్తాయో వరుసగా చూపించే సౌకర్యం ఉంది. పాత పత్రికల్లో, ప్రభుత్వ నివేదికల్లో మన తెగల పేరు పక్కన ఏ మాటలు నిలబడ్డాయి? 1952 తర్వాత ఎంత మారాయి? ఇవాళ్టి వార్తల్లో ఏమున్నాయి? మన పిల్లల్లో ఒకరు ఈ పని పట్టుకుంటే, "మమ్మల్ని చిన్నచూపు చూస్తున్నారు" అనే మాట లెక్కతో సహా చెప్పగలం.

పని మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు లేదు. మీ చేతిలో ఫోను ఉంది. యాంట్‌కాంక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కొన్ని నియమాలు మాత్రం తప్పకూడదు.

మొదటిది, అనుమతి. మన అమ్మమ్మే అయినా అడిగి, ఎందుకో చెప్పి, ఒప్పుకుంటేనే రికార్డు చేయాలి. వద్దన్నది తీసేయాలి. రెండోది, మనిషి వయసు, ఊరు, చదువు, రికార్డు చేసిన తేదీ రాసుకోవాలి. పేరు అక్కర్లేదు. మూడోది, విన్నది విన్నట్టు రాయాలి. దిద్దితే అది మన వ్యాకరణం అవుతుంది, వాళ్ల మాట కాదు.

నాలుగోది, లెక్క. ఒకరి 4,000 మాటల్లో "ఓన్లీ" 12 సార్లు, మరొకరి 10,000 మాటల్లో 20 సార్లు వచ్చిందనుకుందాం. ఇరవై పెద్దదిగా కనిపిస్తుంది. వెయ్యి మాటలకు చూస్తే మొదటివారిది మూడు, రెండోవారిది రెండు. అలాగే కుర్రవాళ్లు ఒకలా, పెద్దలు ఒకలా మాట్లాడితే వెంటనే భాష మారిందనకూడదు. వయసు పెరిగితే వాళ్లూ పెద్దలలాగే మాట్లాడవచ్చు. పదేళ్లాగి మళ్లీ రికార్డు చేస్తేనే తేలుతుంది. అందుకే ఇవాళే మొదలుపెట్టాలి.

1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. బడి గడప తొక్కని పెద్దలు కూడా ఇవాళ "బ్లోఅవుట్" అంటారు. ఆ మాట ఏ ఇంటికి ఎప్పుడు చేరిందో అప్పుడే రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఇంగ్లీషుతో నేర్చుకున్న ఈ విద్యను ఇంటి భాషకూ వాడదాం. భద్రిరాజు కృష్ణమూర్తి గారు రైతుల నోటి మాటలు పోగుచేయించి 1962లో వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. అది కంప్యూటర్లు లేని రోజుల్లో జరిగిన పని. బుట్టలు, తట్టలు అల్లే మన పెద్దల దగ్గర ఒక్కో అల్లికకు, ఒక్కో పుల్లకు పేరుంది. ప్లాస్టిక్ బుట్ట వచ్చాక చేతిపని తగ్గింది. పనితోపాటు మాట కూడా పోతుంది. 2022 నుంచి 2032 వరకు ఆదివాసీ భాషల దశాబ్దమని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ప్రకటన వాళ్లది, పని మనది.

ఈ సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్క పెద్దమనిషి దగ్గర అరగంట కూర్చోండి. కుర్రు అయితే కుర్రు, కోయ అయితే కోయ, తెలుగు అయితే తెలుగు, ఆ పిన్ని గల్ఫ్ ఇంగ్లీషు అయితే అదే. అడిగి రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాసి తీసుకురండి. లెక్కపెట్టడం మేము దగ్గరుండి నేర్పుతాం.

సెలవు. జోహార్.