బండి మోయగలిగినంతయే బల్ల
(పాఠశాల తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుల ప్రసంగ పాఠము)



ఏటేట ఈ సభలో బిడ్డల చదువును గూర్చి మాటలాడుట మాకు వాడుక. ఈ యేడు ఒక బండిని గూర్చి మాటలాడనెంచితిమి. పంతుళ్లకు బండ్ల గొడవ యేల యని నవ్వకుడు. హోసూరు చుట్టుపట్ల గులాబీలు, రాయకోట వైపున టమాటాలు పండించి బెంగుళూరు సంతకు చేర్చుకొను మన యిండ్లలో పాత పికప్పు బండి పాడియావు వంటిది. దాని తొట్టి తుప్పుపట్టి చిల్లులు పడినపుడు, దానిని తీసివేసి చదునైన బల్లను, అనగా ఫ్లాట్‌బెడ్డును, వేయించుకొనువారు మనలో పలువురు కలరు. మూడు ప్రక్కల నుండియు సరకు ఎక్కింపవచ్చును, దింపవచ్చును. ఆ లాభమును మేము కాదనము. ఆ పనిలో మేము చేసిన పొరపాటును మీరు చేయకుండుటకే ఈ నాలుగు మాటలు.

మన పాఠశాల బండిని మీ రెల్లరు నెరుగుదురు. పాఠ్యపుస్తకములు, బియ్యపు మూటలు, తరగతి బల్లలు మోసి మోసి ఇరువది యేండ్లు దాటినది. నిరుడు దాని తొట్టి అడుగు ఊడిపోగా కొత్త బల్ల కట్టించితిమి. “గట్టిగా నుండవలెను, పొడవుగా నుండవలెను” అని రెండే మాటలు పనివానితో చెప్పితిమి. అతడు మేము చెప్పినట్లే చేసెను. తప్పు అతనిది కాదు, మాది.

ఒకనాటి సాయంకాలము ఇనుప బీరువాలను బల్ల చివరన కట్టి తెచ్చుచుండగా, చిన్న మిట్ట యెక్కునపుడు స్టీరింగు తేలిపోయినది. డ్రైవరు బండి నాపి, “అయ్యా, ముందు చక్రములు నేలను పట్టుట లేదు” అనెను. ఎవరికిని హాని కలుగలేదు. కాని అంతకు వారము ముందే అదే బల్లపై పదునలుగురు పిల్లలను ఆటల పోటీకి పంపియుంటిమి. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

మరునాడు ఎనిమిదవ తరగతిలో తులాదండపు లెక్కగా ఈ సంగతినే నల్లబల్లపై వ్రాసితిమి. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ దూరము 3 మీటర్లు. వెనుక ఇరుసునకు 1 మీటరు వెనుకగా 300 కిలోల బరువు పెట్టినచో, ముందు చక్రములపై ఎంత బరువు తగ్గును? పిల్లలు క్షణములో చెప్పిరి: 100 కిలోలు. వెనుక ఇరుసుపై పడునది 300 కాదు, 400 కిలోలు. బల్ల పొడవు పెరిగినకొలది ఈ మీట బలము పెరుగును. వెనుకకు వ్రేలాడు భాగము ఇరుసుల నడిమి దూరములో నూటికి 60 వంతులు మించరాదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు చెప్పుచున్నవి. అది హద్దే కాని, అంతవరకు పోవలెనని కాదు. సరకు బరువులో ఎక్కువ పాలు వెనుక ఇరుసునకు కొంచెము ముందుగా పడునట్లు బల్లను అమర్చుటయే మేలు.

అప్పుడు ఒక బాలిక లేచి, “మాస్టారూ, బల్ల బరువు కూడ సరకే గదా?” అని యడిగినది. ఈ ప్రశ్న మాకు ముందే తోచవలసినది. ఆర్.సి.లో వ్రాసిన మొత్తము బరువు నుండి ఖాళీబండి బరువు తీసివేయగా మిగిలినదే మోయదగిన బరువు. పాత తొట్టికంటె కొత్త బల్ల 150 కిలోలు ఎక్కువ తూగినచో, ప్రతి ప్రయాణమునను 150 కిలోల టమాటాలు ఇంటనే విడిచిపెట్టవలెను. మేము వేయించిన పలక 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందము. ఆ యినుప పలక యొక్కటే సుమారు 212 కిలోలు. దానినే 2.5 మీటర్లకు 1.7 మీటర్లుగా, 3 మిల్లీమీటర్ల మందముతో చేయించినచో 100 కిలోలు. ఆ కొలతకే అదే మందపు అల్యూమినియము 34 కిలోలు. ఘనమీటరునకు 700 కిలోలు తూగు కఱ్ఱతో 25 మిల్లీమీటర్ల చెక్కలు పరచినచో సుమారు 74 కిలోలు. అల్యూమినియము ఖరీదు హెచ్చు; తడిలో ఇనుమును తాకినచోట అది తినుకుపోవును గాన నడుమ రబ్బరు వేయవలెను. చెక్క కుళ్లవచ్చును గాని, చెడిన పలకను ఒక్కదానినే మార్చుకొనవచ్చును. క్రింది చట్రము బరువు వీటికి అదనము.

ఇక బిగించుటను గూర్చి. తొట్టి తీసిన వెంటనే ఛాసీని శుభ్రపరచి, కమాను పట్టీలు తగులుకొను చోట్ల పగుళ్లు, తుప్పు గలవేమో సుత్తితో తట్టి చూడవలెను. ఛాసీ పుచ్చినచో బల్ల మాటయే వద్దు. గుంతలలో ఛాసీ కొంచెము మెలిదిరుగుట దాని స్వభావము. బల్లను దానికి వెల్డింగు చేసినచో ఆ మెలిక యంతయు అతుకు అంచున చేరి పగులు పుట్టించును. కావున ఛాసీ మీది, క్రింది అంచులకు వెల్డింగు గాని బెజ్జములు గాని చేయక, నడుమ గట్టి కఱ్ఱ లేదా దళసరి రబ్బరు పట్టీ వేసి, యూ-బోల్టులతో బిగింపవలెను. బోల్టు బిగువునకు ఛాసీ అంచు నొక్కుకొనకుండ లోపల దిమ్మె పెట్టవలెను. క్యాబిను వెనుక గోడకును బల్లకును నడుమ సందు విడువవలెను. నిండుబరువుతో కమానులు కృంగినపుడు టైర్లు బల్లను తాకరాదు. డీజిలు పోయు గొట్టము, వెనుక దీపములు, నంబరు పలక తిరిగి సరిగా అమర్పవలెను. మొదటి లోడు తరువాత బోల్టులన్నియు మరల బిగింపవలెను.

తొట్టి విప్పకముందే ఆర్.టి.ఓ. కార్యాలయమున వ్రాతమూలకమైన అనుమతి అడుగుడు. ఆర్.సి.లోని తయారీదారు వివరములకు విరుద్ధముగా బండిని మార్పరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను శాసించుచున్నది. 2019 సవరణ ప్రకారము అధిక బరువునకు 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నునకు 2,000 రూపాయలు జరిమానా.

జరిమానా కట్టి తప్పించుకొనరాని దొకటి కలదు. సరకుల బండిపై ఉచితముగా ఎక్కిన ప్రయాణికుల విషయమున బీమా సంస్థకు బాధ్యత లేదని సుప్రీముకోర్టు 2002లో తీర్పు చెప్పినది. బీమా మాట యటుంచి, ప్రక్కగోడలు లేని బల్లపై బిడ్డ పట్టుకొనుట కేమున్నది? ఆనాడు పిల్లలను పంపినది మేమే. అందుకు మీ యెదుట క్షమాపణ కోరుచున్నాము. ఇకమీదట మన పాఠశాల బండిపై ఒక్క పిల్లవాడును ఎక్కడు. మీ బండ్లపైనను ఎక్కింపవలదని చేతులు జోడించి వేడుకొనుచున్నాము.

పాఠశాల బల్లను కోయించి, పలకను మార్పింపవలెనని సంఘము నిర్ణయించినది. రెండవమారు ఖర్చు, చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వంటిదే. మీలో బల్ల వేయింపదలచినవారు ముందుగా ఆర్.సి.ని, కొలతలను తీసికొని ఒక శనివారము బడికి రండు. లెక్క మేము కట్టము, మీ బిడ్డలే కట్టుదురు. ఇంటి భాషలో నేర్చిన లెక్కను ఇంటి బండికి వేసి తండ్రికి చెప్పగలిగిన బిడ్డను చూచినపుడు, తెలుగు బడి మన కెందులకని యడుగువారికి మేము వేరే సమాధానము చెప్పనక్కరలేదు.

సెలవు.